బల్లకు అటూ ఇటూ

మా నాన్నది తెనాలిలో పచారీ కొట్టు. నేను సూపర్‌మార్కెట్లకు ర్యాకులు బిగించే కాంట్రాక్టరుని. కొత్త పని ఒప్పుకున్న ప్రతిసారీ ఓనరు నోట ఒకే మాట వస్తుంది: "పాత కిరాణా కొట్టులా మాత్రం ఉండకూడదండీ." చిందరవందరగా ఉండకూడదని ఆయన భావం. నాకు ఒళ్లు మండుతుంది. పాత కొట్టులో సరుకు ఎక్కడ పడితే అక్కడ ఉండేది కాదు.

మా కొట్టుకు షట్టరు లేదు. గాడిలో దిగే నిలువు చెక్కలు, ఒక్కోదాని మీద సున్నంతో ఒక అంకె. వరస తప్పితే చివరి చెక్క పట్టదు. ఉప్పు బస్తా రాత్రీ పగలూ అరుగు మీదే. చెమ్మకు నీరు కారే సరుకును పప్పుల పక్కన పెట్టరు, పైగా ఉప్పెత్తుకుపోయే దొంగెవడు? కిరసనాయిలు పీపా వాసన పంచదారకు అంటకుండా బయట గోడవార. ఎండుమిర్చి వెనక గదిలో, బేరం మధ్యలో ఎవరికీ తుమ్ములు రాకుండా. నాన్న గల్లాపెట్టె ఆనుకుని తూర్పుముఖంగా కూచునేవారు. కందిపప్పు, పంచదార, కాఫీపొడి లాంటి రోజువారీ సరుకంతా ఆయన లేవకుండా చెయ్యి చాపితే అందేది. నెత్తిన పురికొస ఉండ, దాని కొస ముక్కు దాకా వేలాడుతూ. ఇంగువ, కర్పూరం, కుంకుడుకాయలు పై అరల్లో. అవి కావాలంటే గుమాస్తా నిచ్చెనెక్కాల్సిందే. ఏది ఎన్నిసార్లు అడుగుతారన్న లెక్కతోనే ఆ అరలన్నీ సర్దారు. నేను ఇవాళ కంప్యూటర్లో అమ్మకాల చిట్టా చూసి చేసేదీ అదే.

కొనేవాళ్లకూ సరుకుకూ మధ్య బల్ల ఉండేది. దాన్ని దాటి లోపలికి ఎవరూ రారు. సరుకంతా లూజు, తూచి పొట్లం కడితేగానీ అమ్మకం కాదు. సగం మంది ఖాతా మీద తీసుకెళ్లేవాళ్లు. చీటీ ఇచ్చి, అరుగు మీద కూచుని, ఊరి సంగతులు మాట్లాడి, సంచి అందుకుని వెళ్లడమే. బాకీ రాసే పుస్తకం ఉన్నంతకాలం ఆ బల్లకు అర్థం ఉంది.

అమెరికాలోనూ మొదట ఇదే పద్ధతి. చీటీ ఇస్తే గుమాస్తా తెచ్చిపెట్టేవాడు. దాన్ని తిరగేసినవాడు క్లారెన్స్ సాండర్స్. 1916 సెప్టెంబరులో మెంఫిస్ ఊళ్లో పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచి, జనం చేతికి బుట్ట ఇచ్చి, మీకు కావలసింది మీరే తీసుకోండి అన్నాడు. గుమాస్తాల జీతాలు మిగిల్చి ధర తగ్గించడం ఆయన ఎత్తు. ఖాతా లేదు, నగదే. ఆ షాపు ప్లానుకు 1917లో పేటెంటు కూడా వచ్చింది. ఆ బొమ్మ మా పనివాళ్లకు చూపిస్తుంటాను. ఒక పక్క తిరుగుడు గేటు, అక్కణ్ణుంచి అరల మధ్య మెలికలు తిరిగే ఒకే దారి, చివర డబ్బు కట్టే చోటు. అగ్గిపెట్టె కోసం వచ్చినవాడు కూడా కొట్టంతా చూడక తప్పదు. బల్ల మాయం కాలేదు, గుమ్మం దగ్గరికి జరిగిందంతే. తర్వాత 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ మడత కుర్చీని చూసి తోపుడుబండి తయారుచేశాడు. మొదట్లో ఎవరూ ముట్టుకోకపోతే, కూలికి మనుషుల్ని పెట్టి షాపులో తోయించాడట. బుట్ట బరువెక్కితే కొనడం ఆగిపోతుందని కనిపెట్టినవాడాయన.

మన దగ్గర బల్ల కదలడానికి ముందు సరుకు పొట్లంలోంచి ప్యాకెట్లోకి మారాల్సి వచ్చింది. ఆ మార్పు మా కొట్లో మొదట షాంపూ రూపంలో వచ్చింది. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ చిన్న చిన్న సాచెట్లలో సరుకు అమ్మే దారి చూపించారు. 1983లో ఆయన కొడుకు రంగనాథన్ చిక్ షాంపూ తెచ్చారు. ఆ సాచెట్ల దండలు ఎక్కడ పెట్టాలి? అరలో పెడితే కనపడవు. కొట్టు ముందు తీగ కట్టి తోరణంలా వేలాడదీశారు. నాలుగైదేళ్లలో నాన్న మొహం ఆ దండల వెనక్కి వెళ్లిపోయింది. డబ్బులిచ్చే చెయ్యి మాత్రమే కనపడేది. తెలుగు ఊళ్లలో కిరాణా కొట్టు రూపం మార్చింది సూపర్‌మార్కెట్టు కాదు, ఆ తీగే అంటాను. ఆపైన ప్యాకెట్ల మీద పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర అచ్చువేయడం వచ్చింది. ధర అడగనక్కర్లేదంటే షావుకారుతో మాట్లాడనక్కర్లేదు. బల్ల తీసేయడానికి అడ్డం తొలగింది.

హైదరాబాదు, విజయవాడల్లో సూపర్‌మార్కెట్లు పెరిగాక నాకు చేతినిండా పని. తెల్లటి ర్యాకులు, వెడల్పాటి దారులు. అమెరికాలో పాకో అండర్‌హిల్ అనే ఆయన దుకాణాల్లో జనం నడకను గమనించి, వెనకనుంచి ఎవరైనా రాసుకుంటూ వెళ్తే కొనేవాళ్లు ఆ సరుకు వదిలేసి కదిలిపోతారని రాశాడు. మనవాళ్లూ దాన్నే పట్టుకున్నారు. 2001లో బిగ్ బజార్ పెట్టిన కిశోర్ బియానీ మాత్రం, విశాలంగా ఉన్న షాపులో మన జనం ఆగకుండా నడిచిపోతున్నారని గ్రహించి, డబ్బు ఖర్చుపెట్టి మరీ దారులు ఇరుకు చేయించాడు. బియ్యం, గోధుమలు, పప్పులు తెరిచిన తొట్లలో పోయించాడు. నా దృష్టిలో ఆ తొట్లది మంచి లెక్క. బియ్యం కొనేవాళ్లు ఇప్పటికీ గుప్పెడు తీసి, ఊది, ఒక గింజ పంటికింద కొరికి పాతవో కొత్తవో తేలుస్తారు. ఆ పని ప్యాకెట్టు మీద అచ్చు చేయలేదు.

ఇప్పుడు చిన్న పట్టణాల్లో నాకు వచ్చే పనులన్నీ మధ్యరకం. ముందు సబ్బులు, బిస్కెట్లకు ర్యాకులు, జనం వాళ్లే తీసుకోవచ్చు. జీడిపప్పు, పాలపొడి డబ్బాలు, బ్యాటరీలు ఓనరు వెనక. ఈ మధ్య ఒక ఓనరుకూ నాకూ వాదం పడింది. బియ్యం బస్తాలు లోపలి గోడకు వేయమంటాడాయన, దుమ్మని. గుమ్మం పక్కనే, మూతి విప్పి, మోకాలెత్తు బల్ల మీద పెట్టించాను. వంగకుండా గుప్పెడు తీయొచ్చు. దుమ్ముకు అద్దం మూత చేయించి ఇచ్చాను, కూలి విడిగా.