పేటెంట్ చట్టంలో పరిశోధన మినహాయింపు

పేటెంటు ఉన్న వస్తువును హక్కుదారు అనుమతి లేకుండా తయారుచేసినా, వాడినా ఉల్లంఘనే. ప్రయోగాలకు మాత్రం చాలా దేశాలు కొంత వెసులుబాటు ఇస్తాయి. అమెరికాలో దీనికి పునాది వేసింది చట్టసభ కాదు, ఒక న్యాయమూర్తి. దూది, ఉన్ని ఏకే సాధనాలను తయారుచేసే యంత్రంపై 1813లో వచ్చిన విటమోర్ కేసులో జోసెఫ్ స్టోరీ, కేవలం శాస్త్ర ప్రయోగానికో, యంత్రం పనితీరు తేల్చుకోవడానికో దాన్ని తయారుచేసినవారిని శిక్షించడం చట్టం ఉద్దేశం కాదన్నారు. ఆ ఒక్క మాట మీదే నూట డెబ్బై ఏళ్లు బండి నడిచింది.

చిక్కు మందుల దగ్గర వచ్చింది. నిద్రమందు ఫ్లురాజెపామ్‌పై రోష్ కంపెనీ పేటెంటు 1984 జనవరిలో ముగియాలి. గడువు తీరగానే జెనరిక్ మందు అమ్మాలని బోలార్ సంస్థ 1983లోనే విదేశం నుంచి 5 కిలోల మూలపదార్థం తెప్పించి, అనుమతికి కావలసిన పరీక్షలు మొదలుపెట్టింది. గడువులోపల వ్యాపారం కోసం చేసే పరీక్ష కూడా ఉల్లంఘనేనని 1984 ఏప్రిల్‌లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. అలాగైతే గడువు తీరాకే పరీక్షలు మొదలుపెట్టాలి. అవి ముగిసి అనుమతి వచ్చేదాకా పాత కంపెనీదే రాజ్యం. అయిదు నెలలకే హాచ్-వాక్స్‌మన్ చట్టం ఈ తీర్పును తిరగరాసింది. చిత్రంగా, ఓడిన కంపెనీ పేరే ‘బోలార్ మినహాయింపు’గా ప్రపంచమంతా నిలిచిపోయింది.

శాస్త్రవేత్తలకు మాత్రం దారి ఇరుకైంది. లేజర్ పరిశోధకుడు జాన్ మేడీ డ్యూక్ విశ్వవిద్యాలయాన్ని వీడాక, తన పేటెంట్లున్న పరికరాలను అక్కడ వాడుతూనే ఉన్నారని దావా వేశారు. లాభాపేక్ష లేదన్నంత మాత్రాన చాలదని, పరిశోధన కూడా విశ్వవిద్యాలయం నడిపే వ్యవహారమేనని 2002లో కోర్టు చెప్పింది. జెనరిక్ వ్యాపారికి తలుపు తీసి, ప్రొఫెసరుకు మూసినట్టయింది.

భారత చట్టం ఈ విషయంలో మెరుగు. 47వ సెక్షన్ ప్రయోగాలను, పరిశోధనను, విద్యార్థులకు బోధనను కాపాడుతుంది. 2002 సవరణతో వచ్చిన 107ఎ సెక్షన్ అనుమతుల కోసం సమాచారం సిద్ధం చేసుకునే కంపెనీలను కాపాడుతుంది.

ఆ రెండో సెక్షన్‌కు గట్టి పరీక్ష హైదరాబాద్ సంస్థ నాట్కో వల్లే ఎదురైంది. బేయర్ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ నెల ఖర్చు సుమారు 2.80 లక్షల రూపాయలుండగా, 2012లో తప్పనిసరి లైసెన్సు పొందిన నాట్కో 8,800కే ఇవ్వవలసి వచ్చింది. ఆ లైసెన్సు దేశంలో అమ్మకానికే. తర్వాత పరీక్షల కోసం ఆ మందును చైనాకు పంపబోతే బేయర్ అడ్డుకుంది. విదేశీ అనుమతుల కోసం చేసే ఎగుమతి కూడా 107ఎ కిందికి వస్తుందని 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ తీర్పునిచ్చింది. వివాదం వస్తే ఎంత సరుకు, ఏ పనికి వెళ్తోందో కోర్టులే విచారించి తేల్చాలని కూడా చెప్పింది.