దేశాంతరగమనము: మన మెట్టపొలముల పూర్వకథ



మన మహాసభ కూడినపుడెల్ల వేదికమీది యుపన్యాసములకన్న పందిటిక్రింది ముచ్చటలలో ఒక ప్రశ్నయే తఱచుగ వినవచ్చుచున్నది: బిడ్డను దేశాంతరము పంపుదమా, వలదా? ఇది క్రొత్త ప్రశ్న కాదు. గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నల్లరేగడిభూములను నమ్మి బ్రతుకువారు దీనిని వేర్వేరు రూపములలో పలుమార్లు ఎదుర్కొనిరి. ఆ చరిత్ర కొంత తెలిసికొని నిర్ణయించుట మేలని మా యభిప్రాయము.

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, దొక్కల కరవు గుంటూరు సీమను పీడించెను. జిల్లాలోని సుమారు అయిదు లక్షల ప్రజలలో రెండు లక్షలమంది నశించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. చెన్నపట్టణపు బాట పట్టినవారనేకులు బాటలోనే రాలిపోయిరి. పోదమా, యుందమా యని విచారించుటకు నాడు తావెక్కడిది? 1855లో బెజవాడవద్ద కృష్ణానది ఆనకట్ట ముగిసిన పిమ్మట పల్లపుభూములవారు నిలదొక్కుకొనిరి. మెట్టవారికి మాత్రము వానయే గతి.

తరువాతి వలసలు తెలిసి చేసినవి. 1931లో నిజాంసాగరమును, 1953లో తుంగభద్ర జలాశయమును సిద్ధము కాగా, మనవారు ఇచట కొంచెమమ్మి యచట విస్తారముగ కొనిరి. సింధనూరు, గంగావతి ప్రాంతములలో నేటికిని ఆంధ్రా క్యాంపులు కలవు. ఊరు మాఱినను, భాష మాఱినను కొన్న నేలకు పట్టా వారి చేతనుండెను. ఈ సంగతి గమనింపదగినది.

సముద్రము దాటినవారి కథ వేఱు. బర్మాకు పోయిన తెలుగువారిలో ఉత్తర సర్కారుల కూలీలే యధికులు. వారు రంగూను రేవులో సరకులు మోసిరి; ధాన్యపు మిల్లులలో పాటుపడిరి. 1930 మే నెలలో రేవుపనిని గూర్చి కలహము పుట్టి తెలుగు కూలీలు పలువురు హతులైరి. 1942లో జపానుసేనలు రాగా లక్షలకొలది భారతీయులు అడవిదారుల నడచి వచ్చిరి. మిగిలినవారి యంగళ్లను 1964లో అచటి సైనిక ప్రభుత్వము స్వాధీనము చేసికొనగా, వారును కట్టుబట్టలతో ఓడలెక్కిరి. పుట్టిపెరిగిన యూరిలోనే వారు పరదేశులుగ మిగిలిరి.

అమెరికా ద్వారము తెఱచుకొన్నది 1965 అక్టోబరు 3వ తేదీన. నాడు అధ్యక్షుడు జాన్సను సంతకము చేసిన చట్టము విద్యకును వృత్తికిని తావిచ్చెను. 1946లో నెలకొన్న గుంటూరు వైద్యకళాశాలలో చదివినవారు పెక్కురు ఆ దారిని పోయిరి. నాటి యిండ్లలో నలుగురైదుగురు సంతానము. ఒకడు పోయినను ఇద్దఱు సేద్యమునకు నిలిచిరి. తల్లిదండ్రులు ఒంటరులు కాలేదు. ఒక్కడే బిడ్డయైన నేటివారు ఆ తరమువారిని చూచి లెక్కవేయుట సరికాదు. పైగా 1976లోనే అచటి శాసనసభ వైద్యుల కొఱత తీఱినదని చెప్పి విదేశవైద్యుల రాకను బిగించెను. పదునొకండేండ్లలో తలుపు సగము మూతపడెను.

ఇంజనీరింగు చదువు తరువాతి మార్గము. 1977లో కానూరునందును, 1981లో బాపట్లయందును, 1985లో చౌడవరమునందును కళాశాలలు వెలసెను. 1987-88లో తెల్లదోమయు, కాయతొలుచు పురుగును ప్రత్తిని తినివేయగా, మందుల యప్పు తీర్పలేక ప్రకాశము, గుంటూరు జిల్లాల రైతులు కొందఱు ప్రాణములు తీసికొనిరి. బిడ్డను నాగలినుండి తప్పింపవలెనని రైతు గట్టిగ నిశ్చయించుకొనుటకు ఆ యేడే కారణమని మేము నమ్ముచున్నాము.

అంతలో 1990 నాటి అమెరికా చట్టమువలన హెచ్-1బి వీసా వచ్చెను. ఏటికి 65,000గా నున్న సంఖ్యను 2001 మొదలు మూడేండ్లు 1,95,000 చేసి, 2004లో మరల 65,000కు దించిరి. అచట పైచదువు చదివినవారికి వేఱుగ 20,000 కేటాయించిరి. 2025 సెప్టెంబరులో, దేశము వెలుపలివారి క్రొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటన వెలువడెను. ఉద్యోగమువలన లభించు స్థిరనివాసమునందు ఒక్కొక్క దేశమునకు సామాన్యముగ నూటికి ఏడు పాళ్లే గనుక మనవారు ఏండ్లతరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. (ఆ ఖండమునుండియే పోర్చుగీసువారి వెంట వచ్చిన మిరప యెవరి యనుమతియు నడుగక మన పొలములలో స్థిరపడినది. మనుష్యుల కట్టి వెసులుబాటు లేదు.)

కావున జీతమెంతయని యడుగుటకు ముందు, ఆ కాగిత మెన్నేండ్లదో, ఉద్యోగము పోయినచో గడువెంతయో యడుగవలెను. హెచ్-1బి వారికి ఆ గడువు సామాన్యముగ అరువది దినములే. చదువునకై పొలము తనఖా పెట్టుట యొకటి, అమ్ముట వేఱొకటి. అమెరికా వరుడనగానే కట్నము హెచ్చించుచుండగా మన సంఘములు మిన్నకుండుట మాకు నచ్చలేదు.

అచట పౌరసత్వము పొందిన బిడ్డ తల్లిదండ్రులకు సంఖ్యానియమము లేకయే స్థిరనివాసము కోరవచ్చును. అయినను పోయిన పెద్దలలో పలువురు ఆఱు మాసములలో మరలి వచ్చుచున్నారు. మంచు కురియు నూరిలో పగలెల్ల మాటలాడుటకు మనిషి లేడనియు, మాఘమాసమున కల్లములలో మిరప యెండబోయు వేళ కిచట ఎవరో యొకరుండవలెను గదా యనియు వారు చెప్పుదురు.