ఇంటిపేరు – బాప్తిస్మపు పేరు

1841లో ఫాక్స్, నోబుల్ దొరలు మచిలీపట్నం వచ్చి సువార్త పని ఆరంభించిరి. అటుపిమ్మట ఈ కృష్ణా సీమలో మన పెద్దలు బాప్తిస్మమందు క్రొత్త పేర్లు పొందిరి. యోహాను, మార్త బైబిలు పేర్లు. దేవసహాయం, కృపావరం, సువార్తమ్మ మన భాషలో కూర్చుకొన్నవి. అయినను చాలామంది ఇంటిపేరు విడువలేదు. చల్లపల్లి వంటి ఊరిపేర్లే ఎందరికో ఇంటిపేర్లు. పెండ్లి మాటలలో ముందుగా విచారించునది అదే కదా!

1912లో దోర్నకల్ తొలి బిషప్ అయిన అజరయ్యగారు తమిళులు. వారి పేరు ముందున్న వేదనాయగం తండ్రి పేరు. ఐస్‌లాండులోను అనేకులకు తండ్రి పేరే గుర్తు. మనకు వంశము గుర్తు.

నేడది ఒక్క పొడి అక్షరమై పోవుచున్నది. ఆ అక్షరమేమని అడిగిన కొందరు పిల్లలు తెల్లబోవుచున్నారు. సంఘపు రిజిస్టరులోను, కుటుంబ బైబిలులోను ఇంటిపేరు పూర్తిగా వ్రాయుదము.