సీఎల్‌ఎల్ రిపోర్టులో కొన్ని మాటలు

క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా (సీఎల్‌ఎల్) అని రాసిన రిపోర్టు చేతికొస్తే అందరి చూపూ ముందు తెల్లకణాల అంకె మీదే పడుతుంది. కానీ వైద్యం తేల్చేది కణం స్వభావం.

బి లింఫోసైట్: యాంటీబాడీలు తయారుచేసే వంశపు తెల్లకణం. ఈ జబ్బులో ఒకే కణం సంతతి మైక్రోలీటరు రక్తంలో 5,000 చేరి, కనీసం మూడు నెలలు నిలుస్తుంది. గాజు పలక మీద రక్తం పూసేటప్పుడు ఈ కణాలు ఇట్టే చితికిపోతాయి. మైక్రోస్కోపులో మరకల్లా కనిపించే ఆ స్మడ్జ్ కణాలే చాలాసార్లు మొదటి ఆనవాలు.

బీసీఎల్-2: కణాన్ని చావనివ్వని ప్రొటీన్. సగానికి పైగా రోగుల్లో 13వ క్రోమోజోములో ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. దాంతోపాటే ఈ ప్రొటీన్‌ను అదుపులో పెట్టే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ పోతాయి. వెనెటోక్లాక్స్ మాత్ర సరిగ్గా ఈ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. కణాలు ఒక్కసారిగా చస్తే పొటాషియం, యూరిక్ యాసిడ్ పెరిగి గుండెకూ కిడ్నీలకూ ముప్పు. అందుకే 20 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ ఐదో వారానికి 400కి చేరుస్తారు.

బీటీకే: అన్నిటికన్నా ఎక్కువ అపోహ ఇక్కడే. రక్తంలో తిరిగే సీఎల్‌ఎల్ కణం దాదాపు విశ్రాంతిలో ఉంటుంది. అది పెరిగేది లింఫు గ్రంథుల్లో, ఎముక మజ్జలో. అక్కడ అందే ‘బతుకు, విభజన చెందు’ అనే సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే ఎంజైము బీటీకే. ఇబ్రూటినిబ్, అకలాబ్రూటినిబ్ అనే మందులు దాన్ని అడ్డుకుంటాయి. గ్రంథిలో పట్టు తప్పిన కణాలు రక్తంలోకి వచ్చి పడతాయి. మెడ దగ్గర గడ్డ కరుగుతుంటే రిపోర్టులో తెల్లకణాలు మాత్రం పెరుగుతాయి. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. గడ్డలు తగ్గుతూ, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు నిలకడగా ఉంటే ఆ పెరుగుదల జబ్బు ముదరడం కాదు. నెలల తరబడి ఉన్నా సరే, దాన్ని చూసి సొంతంగా మందు ఆపకూడదు.

టీపీ53: దెబ్బతిన్న కణాన్ని చంపించే జన్యువు. 17వ క్రోమోజోము పొట్టి భుజం (17పీ) పోయినా, ఈ జన్యువు చెడినా పాత కీమోథెరపీ సరిగా పనిచేయదు. కొత్తగా కూడా చెడవచ్చు కాబట్టి ప్రతి కొత్త చికిత్సకు ముందూ పరీక్షించాలి.

ఐజీహెచ్‌వీ: బి కణంలోని యాంటీబాడీ జన్యువు భాగం. దీని మ్యుటేషన్ స్థితి మారదు, ఒక్కసారి చూస్తే చాలు. మ్యుటేషన్ లేకపోతే జబ్బు వేగం ఎక్కువ.

వాచ్ అండ్ వెయిట్: లక్షణాలు లేని తొలిదశలో ముందే మందులిస్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. రక్తహీనత, ప్లేట్‌లెట్లు తగ్గడం, పెరిగే గడ్డలు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం వంటివి ఉంటేనే చికిత్స. అది మొదలయ్యేలోపు టీపీ53, 17పీ, ఐజీహెచ్‌వీ పరీక్షలు అయ్యాయా అని డాక్టరును తప్పక అడగండి.