ఎడబాటుతో మొదలైన కొండ కథ

తిరుమల స్థలపురాణం ఒక కాపురం చెదిరిన చోట మొదలవుతుంది. భృగుమహర్షి విష్ణువు వక్షం మీద తన్నాడు. అది లక్ష్మి నివాసం. అయినా భర్త కోపగించకుండా ఆ మునికే పాదాలొత్తడం చూసి ఆమె అలిగి కొల్లాపురం వెళ్లిపోయింది. ఆమె లేని వైకుంఠంలో ఉండలేక స్వామి శేషాచలం చేరి పుట్టలో తలదాచుకున్నాడు. ఆ తర్వాతే పద్మావతితో పరిచయం, నారాయణవనంలో పెళ్లి, కుబేరుడి దగ్గర అప్పు. పెళ్లి మాటలు నడిపిన వకుళమాతకూ పాత వెలితి ఒకటుంది. పూర్వజన్మలో యశోదగా ఉన్నప్పుడు కృష్ణుడి పెళ్లి చూడలేకపోయింది. పద్మావతి సంగతి చెప్పాలంటే, రాముడి కాలంలో కోరిక తీరని వేదవతే ఆమె. వీళ్లందరికీ పోగొట్టుకున్నది ఈ కథలో మళ్లీ దక్కింది.

ఈ కథను పాట చేసినవాడు అన్నమయ్య (1408–1503). ఆయన సంకీర్తనల్లో మనకు దక్కినవి సుమారు 14 వేలు. వాటిలో శృంగార కీర్తనలదే పెద్ద వాటా. వాటిలో అలమేలుమంగ (పద్మావతి) స్వామి మీద అలుగుతుంది, సాధిస్తుంది, విరహంతో వేగిపోతుంది. చెలికత్తెలు రాయబారాలు నడిపి ఇద్దరినీ కలుపుతారు. ఎంత గొప్పదైనా, అది నాయిక గొంతుతో పురుషుడు పాడిన విరహమే.

తరిగొండ వెంగమాంబ (1730–1817) ఆ బాధను బతికి చూసింది. చిన్ననాడే పెళ్లి, అంతలోనే వైధవ్యం. తల గొరిగించుకుని కుంకుమ చెరుపుకోవాలన్నది ఆనాటి ఆచారం. వేంకటేశ్వరుడే తన భర్త, తాను సుమంగళినే అని ఆమె పట్టుబట్టింది. సూటిపోటి మాటలన్నీ పడింది. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర యోగం నేర్చి, తిరుమల చేరి, తుంబురుకోనలో తపస్సు చేసింది. వితంతు వివాహ చట్టం వచ్చింది 1856లో. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. వాటికి ఎంతో ముందే, చట్టం అండ గానీ సంఘం తోడు గానీ లేకుండా, ఒంటరిగా నిలబడ్డ మనిషి ఆమె.

అలాంటి మనిషి ‘వేంకటాచల మాహాత్మ్యం’ రాసింది. లక్ష్మి అలకను, శ్రీనివాసుడి ఒంటరితనాన్ని, ఆ రెండో కల్యాణాన్ని తెలుగులో చెప్పింది. మన సాహిత్య చరిత్రలు ఆమెను భక్తకవయిత్రిగా మాత్రమే తలుచుకోవడం అన్యాయమని నా గట్టి నమ్మకం. ప్రేమను గురించి రాసిన మన పెద్ద కవుల వరసలో ఆమెకు చోటుండాలి.

కొండ మీద నిత్యాన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తారు. ఉత్తర మాడవీధి వైపు ఆమె బృందావనం (సమాధి) ఉంది. ఈసారి తిరుమల వెళ్తే అక్కడ కాసేపు ఆగండి. ఇంటికొచ్చాక ఆమె పుస్తకం ఒకటి చదవండి.