వెనక సీటు బెల్టు కథ



మొన్న కదిరిలో పెళ్ళి చూసుకుని తిరిగి వస్తుంటే మా ఆడపడుచు చెవికమ్మ శీల కారు వెనక సీట్లో ఎక్కడో జారిపోయింది. బంగారం ధర మీకు తెలియంది కాదు. ఇంటికి రాగానే సీటు కవరు ఊడదీసి, సందుల్లో వేళ్ళు పెట్టి వెదికాం. శీల దొరకలేదు గానీ, బెల్టులు తగిలించే బకిళ్ళు మూడు దొరికాయి. కారు కొన్న వారంలోనే రెక్సిన్ కవర్లు కుట్టించాం. వాటి కింద నాలుగేళ్ళుగా ఆ బకిళ్ళు అలాగే పడి ఉన్నాయి. ముందు సీట్లో కూర్చునే మగవాళ్ళు పోలీసులకు జడిసో, కారు పెట్టే కీచు చప్పుడు భరించలేకో బెల్టు తగిలించుకుంటారు. వెనక కూర్చునే మాకు అటువంటిది ఒకటుందన్న ధ్యాసే లేదు.

ఈ బెల్టు ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది, వెనక సీటు దగ్గర ఎందుకు ఆగిపోయింది అని అప్పటినుంచీ నాకు పట్టుకుంది. తెలుసుకున్నది ఈ వేళ మీతో చెప్పుకుంటాను.

మన వైపు చాలా కాలం కారంటే అంబాసిడరే. ముందు సీటు అరుగులా ఒకటే పలక. డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దమనుషులు, వెనక ఆడవాళ్ళు నలుగురు, ఒళ్ళో పిల్లలు, కాళ్ళ దగ్గర పలహారాల డబ్బా. బెల్టు లేదు, తల ఆనుకోవడానికి సీటు పైన దిండూ లేదు. మెడ వరకే సీటు. ఆడవాళ్ళను వెనక కూర్చోబెట్టడం అప్పట్లో మర్యాద, భద్రత కూడా అనుకునేవారు. ఆ అలవాటు కారు మారినా మారలేదు. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 వచ్చింది. ఆ తర్వాత రకరకాల కార్లు వచ్చాయి. ఇప్పుడు కారు మన గడపలోనే తయారవుతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, ఒకప్పుడు వానకోసం ఆకాశంకేసి చూసిన ఎర్రనేలలో, 2017లో ఒప్పందం చేసుకుని కియా కంపెనీ ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు అమ్మకానికి వచ్చింది. ఆ డిసెంబరు 5న ఫ్యాక్టరీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే శక్తి దానిది. దానికి నీళ్ళు గొల్లపల్లి జలాశయం నుంచి, అంటే శ్రీశైలం దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు హంద్రీ-నీవా కాలువ గుండా వచ్చి చేరిన చోటునుంచి ఇస్తున్నారు. కరువు సీమలో కారు పుట్టడమే ఒక వింత. ఆ కారులో వెనక సీటుకు బెల్టు ఉన్నా అది వాడకపోవడం ఇంకో వింత. (2022లో జిల్లాలు విడిపోయి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. అలవాటు చొప్పున నేను అనంతపురమనే అంటాను, మన్నించండి.)

ఇక బెల్టు పుట్టుకకు వద్దాం. దానికి మనలాగే వాన ఎరగని ఒక ప్రదేశానికి వెళ్ళాలి. అమెరికాలో న్యూమెక్సికో ఎడారి. జాన్ పాల్ స్టాప్ అని అక్కడి వైమానిక దళంలో ఒక డాక్టరు. మనిషి శరీరం ఎంత కుదుపు తట్టుకోగలదో తెలుసుకోవాలని, ఇంకొకరిని పంపకుండా, తనే రాకెట్లు కట్టిన బండి ఎక్కి పట్టాలమీద దూసుకుపోయేవాడు. 1954 డిసెంబరు 10న గంటకు 1,000 కిలోమీటర్లు దాటిన వేగంతో వెళ్ళి, 1.4 సెకన్లలో ఆగాడు. కళ్ళల్లో నెత్తురు చిమ్మింది, చూపు పోయిందనుకున్నారు, తర్వాత వచ్చింది. పట్టీలతో గట్టిగా కట్టుకుని ఉన్నాడు కాబట్టి మనిషి బతికాడు. ఆయన్ని వేధించిన విషయం వేరే ఉంది. విమానాలు నడిపే కుర్రవాళ్ళు ఆకాశంలో కన్నా రోడ్డుమీద కార్లలోనే ఎక్కువమంది పోతున్నారని లెక్కలు చూశాడు. విమానంలో కట్టుకునే పట్టీ కారులో ఎందుకు లేదని ఊరూరా తిరిగి అడిగాడు. 1966లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రత చట్టం మీద సంతకం పెట్టినప్పుడు స్టాప్ అక్కడే ఉన్నాడు.

అంతకు ముందే 1949లో నాష్ అనే అమెరికా కంపెనీ కారులో నడుముకు కట్టే పట్టీ పెట్టింది. కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని పీకించేసుకున్నారు. వద్దనడం మనతోనే మొదలు కాలేదన్న మాట. అయితే ఆ పట్టీలోనూ లోపం ఉంది. నడుముకు ఒకటే కట్టు, పైభాగానికి ఆధారం లేదు. కారు గుద్దుకున్నప్పుడు మనిషి మధ్యకు మడిచినట్టు ముందుకు విరుచుకుపడేవాడు. పట్టీ కడుపు మీద ఉంటే పేగులకు దెబ్బ.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు నీల్స్ బొలీన్, స్వీడన్ దేశపు ఇంజనీరు. అంతకు ముందు సాబ్ కంపెనీలో యుద్ధ విమానాల నుంచి పైలట్‌ను బయటికి ఎగరగొట్టే సీట్లు తయారుచేసేవాడు. 1958లో వోల్వో కార్ల కంపెనీకి మారాక మూడు చోట్ల ఆనే బెల్టు రూపొందించాడు. ఒక వార భుజం మీదుగా రొమ్మున ఏటవాలుగా దిగుతుంది, ఇంకోవార తుంటిమీదుగా పోతుంది. రెండూ తొడ పక్కన ఒక్కచోట కలుస్తాయి. ఒంటి చేత్తో తగిలించుకోవచ్చు. జంధ్యమూ మొలతాడూ కలిపి వేసుకున్నట్టుందని మా చిన్నాడు అంటే నవ్వొచ్చింది. ఆ బెల్టు ఉన్న మొదటి కారు 1959 ఆగస్టులో స్వీడన్‌లో కొన్నవాడి చేతికి వెళ్ళింది. పేటెంటు తీసుకున్నా, వాడుకునే హక్కు మిగతా కంపెనీలన్నిటికీ వదిలేసింది వోల్వో. అరవై ఏళ్ళు దాటింది, ఈ రోజు ఎర్రమంచిలో బయటికొచ్చే కారులో ఉన్నదీ ఆ అమరికే.

బెల్టు ఉంటే సరిపోలేదు, పెట్టుకోమని చట్టం చెయ్యవలసి వచ్చింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1970 చివర్లో దారి చూపింది. బ్రిటన్‌లో ముందు సీటువాళ్ళకు 1983 జనవరి 31 నుంచి తప్పనిసరి అయింది. వెనక సీట్లో పెద్దవాళ్ళకు మాత్రం 1991 దాకా ఆగవలసి వచ్చింది. గమనించారా, అక్కడా వెనక సీటే ఆఖరు. మన దేశంలో 1993లో చేసిన సవరణ ప్రకారం 1994 నుంచి తయారయ్యే కార్లకు డ్రైవరుకూ పక్కవాళ్ళకూ బెల్టు ఉండాలన్నారు. వెనక సీటు నిబంధన తర్వాత చేరింది. ఇప్పుడు ముందుకు చూసే ప్రతి సీట్లోవాళ్ళూ కట్టుకోవాలని రూలు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు బెల్టు లేనందుకు జరిమానా 100 రూపాయల నుంచి 1,000కి పెరిగింది. అయినా మన ఊళ్ళో వెనక కూర్చున్నవాళ్ళను ఆపి అడిగిన పోలీసును నేను చూడలేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో సీటు బెల్టు పెట్టుకోక ప్రమాదాల్లో పోయినవాళ్ళు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. దాదాపు సగానికి సగం! నడిపేవాడి అజాగ్రత్త అనుకుంటాం గానీ, ఊరికే కూర్చున్నవాళ్ళే అంతమంది.

పేర్లు చెబితే మీకే గుర్తొస్తుంది. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రివేళ ఆళ్ళగడ్డకు వస్తున్న శోభా నాగిరెడ్డి గారి వాహనం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పను తప్పించబోయి పల్టీలు కొట్టింది. ఆమె బయటికి విసిరేసినట్టు పడిపోయారని, బెల్టు లేదని అప్పటి వార్తలు. మర్నాడు కన్నుమూశారు. ఓటర్లు ఆమెను ఆ తర్వాత కూడా గెలిపించారు. రోడ్డును కళ్ళం చేసుకోవడం మన సీమలో ఎరుగనిదా? కొర్రలో, ఉలవలో పరిచి బండ్లు తొక్కిపోతే నూర్పు అయిపోతుందని చూసేవాళ్ళం మనమే. 1996లో హిందూపురం ఉప ఎన్నికలో గెలిచిన హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో తనే కారు నడుపుతూ పోయారు. ఆయనా బెల్టు పెట్టుకోలేదనే చెప్పారు. ఇక 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు వంతెన గోడకు గుద్దుకుంది. ఖరీదైన కారు, గాలిసంచులున్న కారు. ముందు ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక ఇద్దరూ పోయారు. వెనక వాళ్ళు బెల్టులు పెట్టుకోలేదు.

వెనక సీటు క్షేమమన్న మన నమ్మకం అక్కడ పటాపంచలైపోయింది. కారు గంటకు 60 కిలోమీటర్ల మీద వెళ్తూ ఒక్కసారిగా ఆగితే, లోపలి మనిషి ఆగడు, అదే వేగంతో ముందుకు వస్తాడు. ఆ తాకిడి నాలుగంతస్తుల మేడ మీదనుంచి పడ్డట్టు. మనం వచ్చి తగిలేది ఎవరికి? మన ముందు కూర్చున్న మొగుడికో, కొడుక్కో. జపాన్‌లో 2002లో అచ్చయిన పరిశీలన ఒకటుంది. వెనకవాళ్ళు బెల్టు లేకుండా ఉంటే, బెల్టు పెట్టుకున్న ముందువాళ్ళు కూడా చనిపోయే ప్రమాదం దాదాపు 5 రెట్లు అవుతుందట. ఇది చదివాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇంకో సంగతి మనకు సంబంధించింది. కార్లను గోడకు గుద్ది పరీక్షించేటప్పుడు మనిషికి బదులు బొమ్మను కూర్చోబెడతారు. 1970ల నుంచి ఎక్కువగా వాడిన బొమ్మ 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల మగవాడి కొలత. మామూలు ఆడమనిషి కొలతలతో, 162 సెంటీమీటర్లతో, ఒక బొమ్మ స్వీడన్‌లో 2022లో గానీ రాలేదు. ఆస్ట్రిడ్ లిండర్ అనే శాస్త్రవేత్త బృందం చేసింది. వెనకనుంచి గుద్దినప్పుడు మెడ పట్టేసే దెబ్బలు మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకు ఎక్కువని వాళ్ళ పరిశోధనలు చెబుతున్నాయి. అంబాసిడర్‌లో సీటు మీద లేని ఆ తలదిండుకు, హెడ్‌రెస్ట్ అంటున్నామే దానికి, పని ఇక్కడే. టోలు గేటు దగ్గర నిలబడి ఉన్న కారును వెనక లారీ తాకితే సీటు మన ఒంటిని ముందుకు తోస్తుంది, తల వెనక్కు ఉండిపోయి మెడ కొరడాలా విరుగుతుంది. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు అది తప్పనిసరి చేశారు. అలంకారం కాదు. పైకి లాగి, దాని అంచు మన తల పైభాగం వరకూ వచ్చేలా పెట్టుకోవాలి. తలకూ దానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు మించకుండా ఉండాలి. కొప్పు, పెద్ద క్లిప్పు పెట్టుకుంటే తల ముందుకొచ్చేస్తుంది. దూరప్రయాణానికి జడ వేసుకుని భుజం మీదుగా ముందుకు వేసుకోవడం మేలు. పూలు నలుగుతాయని బాధపడకండి.

బెల్టు ఎలా పెట్టుకోవాలో కూడా మనబోటివాళ్ళకు సరిగ్గా తెలియదు. వడ్డాణం పెట్టుకునే చోట కాదు, అంతకన్నా కిందకి, తుంటి ఎముకల మీదకి రావాలి. చీర కుచ్చిళ్ళు బొడ్డు దగ్గర గుత్తిలా ఉంటాయి కనక బెల్టు దానిపైన జారి కడుపు మీదకెక్కుతుంది. కూర్చున్నాక కుచ్చిళ్ళు సర్ది, బెల్టును కిందకి నొక్కి, పై వారను గుంజి బిగువు చెయ్యాలి. పై వార భుజం మధ్యన, రొమ్ముల నడుమగా పోవాలి. మెడకు ఒరుసుకుంటుందని చంక కింద నుంచి తీస్తారు చాలామంది. అది పక్కటెముకలకు తగిలి లోపలి అవయవాలు దెబ్బ తింటాయి. గర్భిణి అయితే కింది వార పొట్ట కింద తొడల మొదట్లో, పై వార పొట్ట పక్కగా. వద్దని మానెయ్యకూడదు.

బెంగళూరు నుంచి రాత్రి బయలుదేరినప్పుడు ముందు ఎడమ సీటును మంచంలా వెనక్కు వాల్చుకుని నిద్రపోవడం మనవాళ్ళకు సుఖం. అట్లా పడుకుంటే బెల్టు రొమ్మును వదిలేసి గాలిలో ఉంటుంది. బ్రేకు పడితే మనిషి దాని కిందనుంచి జారి, పట్టీ పొట్టనూ గొంతునూ కోస్తుంది. డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు చాపుకోవడం కూడా అంతే. గాలిసంచి విచ్చుకుంటే మోకాళ్ళు మొహానికి వస్తాయి. మీలో కారు నడిపేవాళ్ళు, ముఖ్యంగా పొట్టిగా ఉన్నవాళ్ళు, స్టీరింగుకు అతుక్కుని కూర్చుంటారు. రొమ్ముకూ స్టీరింగుకూ ఒక జానెడు మీద, అంటే 25 సెంటీమీటర్లు, ఉండాలి. సీటు ఎత్తు పెంచుకునే మీట ఉంటే అది వాడండి, వెనక దిండ్లు పెట్టకండి.

కీచు చప్పుడు ఆపడానికి ఉత్త బకిలు ముక్క కొని తగిలించే ఘనులు కూడా ఉన్నారు. అవి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నందుకు 2023లో వినియోగదారుల రక్షణ అధికార సంస్థ అయిదు కంపెనీలకు ఉత్తర్వులిచ్చి, 13 వేలకు పైగా అమ్మకపు ప్రకటనలు తీయించింది.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. రెక్సిన్ కవర్లు కుట్టినవాడి దగ్గరికే వెళ్ళి బకిళ్ళు ఉన్న చోట మూడు కోతలు పెట్టించి, అంచులు మడిచి కుట్టించాను. ఇరవై నిమిషాల పని. డబ్బులు తీసుకోనన్నాడు, నేనే ఇచ్చాను. ఆ ఆదివారం మా అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు తగిలిస్తే, "ఏందమ్మా, నన్ను దొంగను కట్టేసినట్టు కట్టేస్తా ఉండావే," అని గొణిగింది. పామిడి దాటేసరికి దానికే ఒరిగి నిద్రపోయింది. శీల మాత్రం ఇప్పటికీ దొరకలేదు.