హేబర్–బాష్ పద్ధతి: గాలి నుంచి ఎరువు

గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి, అధిక పీడనంలో, అధిక ఉష్ణోగ్రత వద్ద, ఇనుమును ఉత్ప్రేరకంగా వాడి అమోనియా తయారుచేసే పారిశ్రామిక విధానాన్ని హేబర్–బాష్ పద్ధతి అంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చేసి చూపిన ఈ చర్యను బీఏఎస్‌ఎఫ్ సంస్థలో పనిచేసిన కార్ల్ బాష్ 1913 నాటికి కర్మాగారంలో నడిపించగలిగాడు. ఆవిరి యంత్రమూ విద్యుత్తూ మనిషి బతికే తీరును మార్చాయి. ఈ పద్ధతి మాత్రం భూమి మీద ఎంతమంది బతకగలరన్న లెక్కనే మార్చింది. నేటి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తినే తిండి ఈ విధంగా తయారైన ఎరువు మీద ఆధారపడి ఉందని శాస్త్రవేత్తల అంచనా.

మొక్కలోని మాంసకృత్తులకూ, ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితానికీ నత్రజని తప్పనిసరి. గాలిలో అది 78 శాతం ఉన్నా మొక్కకు నేరుగా అక్కరకు రాదు. కారణం, నత్రజని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉండటమే. ఆ బంధాన్ని ప్రకృతిలో మెరుపులు కొద్దిగానూ, కొన్ని సూక్ష్మజీవులు అధికంగానూ విడదీస్తాయి. కంది, మినుము, పెసర వంటి పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలో ఉండే బాక్టీరియా ఈ పని చేస్తుందని జర్మన్ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1880లలో నిరూపించారు. సంగతి శాస్త్రానికి తెలియకముందే రైతుకు అనుభవంలో ఉంది: వరి కోశాక మినుము చల్లడం, జనుము, జీలుగ పెంచి పూతకు రాగానే పొలంలో కలియదున్నడం, గొర్రెల మందను రాత్రిళ్లు చేలో ఉంచడం, వేసవిలో చెరువు మట్టి తోలడం నేలకు సారాన్ని తిరిగి చేర్చే మార్గాలే. ఇవి నేలను కాపాడాయి గాని, పెరిగే జనాభాకు తగినంతగా దిగుబడిని పెంచలేకపోయాయి.

ఈ కొరత పందొమ్మిదో శతాబ్దంలో రాజ్యాల మధ్య తగాదాగా మారింది. పెరూ తీరంలో వానలు దాదాపు పడని చించా దీవుల మీద సముద్రపక్షుల రెట్టలు శతాబ్దాలుగా పేరుకుపోయి ఉండేవి. గ్వానో అని పేరుపడిన ఆ ఎరువును 1840ల నుంచి ఓడలకెత్తి ఐరోపాకు, అమెరికాకు తరలించారు. ఎవరికీ చెందని గ్వానో దీవులను అమెరికా పౌరులు స్వాధీనం చేసుకోవడానికి వీలు కల్పిస్తూ అమెరికా 1856లో చట్టమే చేసింది. గ్వానో తరిగిపోతున్న కొద్దీ అందరి కన్నూ అటకామా ఎడారిలోని సోడియం నైట్రేట్ గనుల మీద పడింది. చిలీ సురేకారంగా పేరొందిన ఆ ఖనిజం ఎరువుకూ, పేలుడు పదార్థాలకూ ముడిసరుకు. 1879లో చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా మరొకవైపు నిలిచి చేసిన యుద్ధానికి తక్షణ కారణం ఆ గనుల మీద విధించిన పన్నే. ఆ యుద్ధంలో బొలీవియా తన సముద్రతీరాన్ని పూర్తిగా కోల్పోయింది.

బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం క్రూక్స్ 1898లో బ్రిస్టల్ నగరంలో జరిగిన శాస్త్ర సభలో అధ్యక్షోపన్యాసం చేస్తూ, గోధుమ తినే దేశాలకు తిండి కొరత రానున్నదని, చిలీ నిల్వలు ఎల్లకాలం ఉండవని, గాలిలోని నత్రజనిని వినియోగంలోకి తేవడం రసాయన శాస్త్రం చేయవలసిన పని అని హెచ్చరించాడు. నార్వేలో విద్యుత్ చాపంతో గాలిని కాల్చి నైట్రేట్ తీసే పద్ధతి కొద్ది ఏళ్లలోనే మొదలైంది. అయితే అది అపారమైన విద్యుత్తును మింగడం వల్ల జలవిద్యుత్తు చౌకగా దొరికే చోటుకే పరిమితమైంది.

కార్ల్‌స్రూయె సాంకేతిక విద్యాలయంలో ఆచార్యుడైన హేబర్ ఎదుర్కొన్న చిక్కు వేరు. నత్రజని, హైడ్రోజన్ కలిసి అమోనియా అయ్యేటప్పుడు వేడి వెలువడుతుంది కనుక ఉష్ణోగ్రత తక్కువగా ఉంటేనే అమోనియా ఎక్కువగా నిలుస్తుంది. కాని తక్కువ ఉష్ణోగ్రత వద్ద చర్య కదలదు, వేడి పెంచితే వేగం వస్తుంది గాని ఏర్పడిన అమోనియా మళ్లీ విడిపోతుంది. ఒక పాలు నత్రజని, మూడు పాళ్లు హైడ్రోజన్ కలిసి రెండు పాళ్ల అమోనియా అవుతాయి, అంటే ఘనపరిమాణం సగానికి తగ్గుతుంది కాబట్టి పీడనం పెంచితే చర్య అమోనియా వైపు మొగ్గుతుంది. ఈ సూత్రాన్ని నమ్ముకుని హేబర్, అతని సహచరుడైన బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్ లె రొసిన్యోల్ వాతావరణ పీడనానికి సుమారు రెండు వందల రెట్ల పీడనాన్ని తట్టుకునే పరికరాన్ని నిర్మించారు. ఒకసారి చర్య జరిగే గదిలోకి వెళ్లిన వాయువుల్లో కొద్ది శాతమే అమోనియాగా మారుతుంది. దాన్ని చల్లబరచి ద్రవంగా వేరుచేసి, మిగిలిన వాయువులను తిరిగి అదే గదిలోకి పంపుతూ ఉండటం వారి ఏర్పాటులోని కీలకం. 1909 జూలైలో ఆస్మియం అనే అరుదైన లోహాన్ని ఉత్ప్రేరకంగా పెట్టి, బీఏఎస్‌ఎఫ్ ప్రతినిధుల కళ్లెదుట గంటల తరబడి ద్రవ అమోనియాను బొట్లు బొట్లుగా రాల్చి చూపారు.

చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ ఘట్టం దగ్గరే ఆగిపోతాయి. అసలు కష్టం ఆ తర్వాత మొదలైందన్నది గుర్తించవలసిన విషయం. ఆస్మియం ప్రపంచం మొత్తం గాలించినా కర్మాగారానికి సరిపడా దొరకదు. బీఏఎస్‌ఎఫ్‌లోని ఆల్విన్ మిట్టాష్ బృందం వేల ప్రయోగాలు చేసి, స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం అనూహ్యంగా బాగా పనిచేయడం గమనించి, కారణం దానిలోని మలినాలేనని పసిగట్టి, ఇనుముకు కొద్దిగా అల్యూమినియం ఆక్సైడు, పొటాషియం వంటివి చేర్చిన చౌకైన ఉత్ప్రేరకాన్ని రూపొందించింది. బాష్‌కు ఎదురైన సమస్య ఇంకా ప్రమాదకరమైనది: ఉక్కు గొట్టాలు కొద్ది రోజులు పనిచేసి పగిలిపోయేవి. పగిలిన ముక్కలను పరీక్షించగా, వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, దానికి బలాన్నిచ్చే కార్బన్‌ను లాగేసి పెళుసుగా మారుస్తున్నదని తేలింది. హైడ్రోజన్‌ను తట్టుకోవడం, పీడనాన్ని మోయడం అనే రెండు పనులూ ఒకే లోహంతో చేయించే ప్రయత్నాన్ని బాష్ విడిచిపెట్టాడు. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుప గొట్టాన్ని, బయట పీడనాన్ని మోసే ఉక్కు కవచాన్ని అమర్చి, లోగొట్టం గుండా ఊరివచ్చే హైడ్రోజన్ బయటికి పోవడానికి కవచంలో సన్నని రంధ్రాలు తొలిపించాడు. చూడటానికి అతి చిన్నవైన ఆ రంధ్రాలు లేకపోతే హేబర్ కనుగొన్నది ప్రయోగశాల గోడలు దాటేది కాదు. రైన్ నది ఒడ్డున ఒపౌ కర్మాగారం 1913 సెప్టెంబరులో ఉత్పత్తి ప్రారంభించింది.

ఏడాది తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళ దిగ్బంధం వల్ల జర్మనీకి చిలీ నైట్రేట్ రాక ఆగిపోయింది. అమోనియాను గాలితో ఆక్సీకరించి నత్రికామ్లంగా మార్చే పద్ధతిని విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ అప్పటికే రూపొందించి ఉండటంతో, పొలాల కోసం కట్టిన కర్మాగారం మందుగుండు తయారీకి మళ్లింది. 1917లో లాయ్నా వద్ద మరింత పెద్ద కర్మాగారం వెలిసింది. దిగుమతి నైట్రేట్ మీదే ఆధారపడవలసి వస్తే జర్మనీ అంతకాలం యుద్ధం సాగించగలిగేది కాదన్నది చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. హేబర్ 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద జరిగిన క్లోరిన్ విషవాయు దాడిని స్వయంగా పర్యవేక్షించాడు. అటువంటి వ్యక్తికి 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి ప్రకటించడం మీద తీవ్రమైన నిరసన వచ్చింది. ఆ నిరసన న్యాయమైనదే. అతని ఆవిష్కరణ విలువ మాత్రం దానివల్ల తగ్గదు. యూదు కుటుంబంలో పుట్టిన హేబర్ నాజీల పాలనలో 1933లో దేశం విడిచి, మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మరణించాడు. యుద్ధానంతరం ఒపౌ కర్మాగారమూ విషాదాన్ని చూసింది: అక్కడ నిల్వ ఉంచిన ఎరువు 1921 సెప్టెంబరు 21న పేలి ఐదు వందల మందికి పైగా బలయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మందుగుండు కోసం కట్టిన అనేక అమోనియా కర్మాగారాలు ఎరువుల తయారీకి మళ్లాయి. భారతదేశంలో సింద్రీ ఎరువుల కర్మాగారం 1951లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అయితే ఎరువు ఒక్కటే దిగుబడిని పెంచలేదు. పాత వరి రకాలు పొడుగ్గా పెరిగేవి. నత్రజని ఎక్కువైతే ఇంకా ఏపుగా ఎదిగి, కంకి బరువుకు చేను పడిపోయేది. కాండం పొట్టిగా, గట్టిగా ఉండే రకాలు వచ్చాకే రసాయన ఎరువుకు పూర్తి ఫలితం దక్కింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్–8 అటువంటిదే. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో 1967లో దాన్ని సాగుచేసిన రైతు నెక్కంటి సుబ్బారావుకు ఆ వంగడం పేరే మారుపేరైంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన అఖిల భారత వరి పరిశోధన పథకం 1968లో జయ రకాన్ని విడుదల చేసింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ నీరు, పొట్టి వంగడం, యూరియా బస్తా మూడూ ఒక్కచోట చేరడంతో దిగుబడులు మారిపోయాయి. రామగుండంలో బొగ్గుతో నడిచిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడగా, ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేసే సామర్థ్యంతో సహజవాయువు ఆధారిత కర్మాగారం అక్కడే 2021లో ఉత్పత్తి ప్రారంభించింది.

1900లో సుమారు 165 కోట్లుగా ఉన్న ప్రపంచ జనాభా నేడు 800 కోట్లు దాటింది. దీనికి మూల్యమూ పెద్దదే. హైడ్రోజన్‌ను ప్రధానంగా సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి తీస్తున్నందువల్ల ప్రపంచం వెలువరించే కార్బన్ డయాక్సైడులో ఒక శాతానికి పైగా అమోనియా కర్మాగారాల నుంచే వస్తోంది. పొలం దగ్గర జరిగే నష్టం అంతకంటే తీవ్రమైనది. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. నీరు నిలిచిన వరి మడిలో పైపాటుగా చల్లితే దానిలో సగం కూడా తరచుగా పైరుకు అందదు. కొంత అమోనియాగా ఆవిరైపోతుంది, కొంత నైట్రేటుగా భూగర్భ జలంలోకి ఇంకుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి, బరువుకు బరువు లెక్కన కార్బన్ డయాక్సైడు కంటే రెండు వందల డెబ్బై రెట్లకు పైగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. నదుల వెంట సముద్రం చేరిన నైట్రేట్ల వల్ల మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో ప్రాణవాయువు తగ్గిపోయి జలచరాలు బతకలేని ప్రాంతం ఏర్పడుతోంది.

యూరియాకు వేపనూనె పూత వేయడాన్ని భారత ప్రభుత్వం 2015లో తప్పనిసరి చేసింది. ఆ పూత నత్రజని విడుదలను నెమ్మదింపజేసి నష్టాన్ని కొంత అరికడుతుంది. దఫాలుగా వేయడం, ఆకు రంగు చూసి మోతాదు నిర్ణయించడం, జనుము, జీలుగలను తిరిగి పంట క్రమంలోకి తేవడం కూడా అదే కోవలోనివి. గాలి నుంచి నత్రజనిని తీయడమెలాగో తేలి నూరేళ్లు దాటింది. తీసిన దానిని పైరుకే పూర్తిగా చేర్చే ఉపాయం మాత్రం ఇంకా రాలేదు, వ్యవసాయ శాస్త్రం ముందున్న అత్యవసరమైన పని అదే.